కొమ్మ మీద ఎవరు? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దారి చెట్లు, పక్షులపై ఒక సమీక్ష

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా విజయవాడ హైవే మీద నెత్తిన మెట్రో వంతెన ఉంటుంది. కింద డివైడర్ మీద పొదలు, ఇరుపక్కలా షాపుల బోర్డుల వెనక అక్కడక్కడా మిగిలిన చెట్లు. ఇదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే వనస్థలిపురం దగ్గర 3,600 ఎకరాల పైచిలుకు మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం. ఈలోపే సరూర్‌నగర్ చెరువు, విక్టోరియా మెమోరియల్ హోమ్ ఆవరణ. తూర్పు హైదరాబాద్‌లో పక్షులకు ఆసరా అయ్యే పెద్ద చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోట్ల మధ్య, అపార్ట్‌మెంట్లూ హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ కిక్కిరిసిన మేరంతా పిట్టకు దిక్కు రోడ్డు పక్క చెట్టే.

ఏ చెట్టు నాటాలి, ఎక్కడ నాటాలి, ఉన్నదాన్ని ఎలా కాపాడాలి అన్న చర్చ పదేళ్లుగా ముదిరి చిక్కుపడింది. లక్షల మొక్కలు నాటామని ఒకరు, నాటినవన్నీ పనికిరాని విదేశీ జాతులని ఇంకొకరు, పాత చెట్లను కొట్టేసి మొక్కల లెక్క చెప్పడమేమిటని మరొకరు. ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. వాళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు గనకే వాదన తెగడం లేదు.

పొలాల నుంచి కాలనీలకు

సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసేనాటికి ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం ఊరి బయటి పొలాలు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి తన పొలాలను ప్లాట్లు వేసి అమ్మడంతో ఆ పేరు వచ్చిందంటారు. దక్కను పొలం గట్టు మీద వేప, తుమ్మ, జమ్మి, చింత, మోదుగ ఉండేవి. పాలపిట్ట ఆ గట్ల పక్షి. ఎత్తయిన కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని కింద ఖాళీ నేల మీద పురుగును చూసి దూకుతుంది. అది తెలంగాణ రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం. దసరా నాడు రెండింటినీ వెతుక్కుంటూ నగరవాసి ఊరి బయటికి పోవలసి వస్తోంది. పాలపిట్ట దేశమంతటా తగ్గుతోందని 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక హెచ్చరించింది. కావలసింది ఖాళీ నేల కాబట్టి వీధి నిండా చెట్లు నాటినా ఆ పక్షి తిరిగి రాదు. దారి చెట్ల నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కాలనీలు వచ్చాక చెట్లు మారాయి. ఇంటి ముందు కానుగ, వేప, బాదం, గేటు పక్కన నరమామిడి, పెద్ద రోడ్ల మీద తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడిచింది. అదే కాలంలో చింతలకుంట, కామినేని, ఎల్బీనగర్ కూడళ్లలో అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు వచ్చాయి. రోడ్డు వెడల్పయిన ప్రతిసారీ ముందుగా పోయేది అంచున నిలబడ్డ చెట్టే. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. కొట్టినదాని వయసుకూ నాటినదాని వయసుకూ మధ్య ఉన్న తేడాను ఆ బదులు పూడ్చదు.

ఎన్ని నాటాం అనే లెక్క

మొదటి వాదం సంఖ్యది. 2015 జూలై 3న చిలుకూరులో మొదలైన హరితహారం రాష్ట్రమంతా 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకుంది. 2021లో ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి హైదరాబాద్‌ను ‘ప్రపంచ వృక్ష నగరం’గా గుర్తించాయి. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో అంతర్జాతీయ హరిత నగర పురస్కారం దక్కింది. 2021 నాటి అటవీ సర్వే నివేదిక ప్రకారం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం పదేళ్లలో 81.81కి పెరిగింది. దేశంలోని మహానగరాల్లో అదే పెద్ద పెరుగుదల.

ఇది చిన్న విషయం కాదు. ఎండల్లో నీడ, దుమ్ముకు అడ్డు, వాననీటికి ఇంకే దారి, ఇవన్నీ చెట్ల సంఖ్యతో ముడిపడినవే. అయితే అటవీ సర్వే ఉపగ్రహ చిత్రాల్లో హెక్టారుకు తగ్గకుండా, పది శాతానికి మించి కొమ్మల కప్పు ఉన్న చోట్లను లెక్కిస్తుంది. చైతన్యపురిలో ఇరవై అడుగుల సందు వెంట వరుసగా ఉన్న కానుగలు విడిగా ఆ లెక్కలో పడవు. అవి పెరిగినా తెలియదు, పోయినా తెలియదు. పిట్టలు తిరిగే చోట్లు ఇలా జాతీయ లెక్కకు కనబడకుండా పోతాయి.

నాటిన మొక్కకూ, వాలిన పిట్టకూ నేరుగా సంబంధం లేదని అందరికన్నా ముందు గ్రహించింది పక్షుల్ని లెక్కించేవాళ్లే. ఒకే జాతి మొక్క వెయ్యి ఉంటే, ఆ జాతి పూసినప్పుడు వెయ్యీ పూస్తాయి, ఎండినప్పుడు వెయ్యీ ఎండుతాయి. దీనికి తెలంగాణలోనే తాజా పాఠం ఉంది. 2021 వానాకాలం తర్వాత రాష్ట్రమంతా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయి. అగ్గి కొట్టినట్టున్న ఆ తెగులుకు ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తర్వాత చిగిర్చాయి. కానీ ఒక జాతి మీదే ఆధారపడితే ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమూర్ 1990లోనే నగర చెట్లకు ఒక హద్దు సూచించాడు: ఒక జాతి పది శాతం, ఒక ప్రజాతి ఇరవై, ఒక కుటుంబం ముప్పై శాతం దాటకూడదు. మన కాలనీ వీధుల్లో కానుగ ఒక్కటే ఆ హద్దును సునాయాసంగా దాటేస్తుంది.

ఏ ఊరి చెట్టు?

రెండో వాదం స్థానిక జాతులది. ఈ పక్షానికి బలమైన ఆధారాలు అమెరికా నుంచి వచ్చాయి. డెసిరీ నరాంగో, డగ్లస్ టాలమీ, పీటర్ మర్రా 2018లో వాషింగ్టన్ పరిసర ఇళ్ల పెరళ్లలో చికడీ అనే చిన్న పిట్టను పరిశీలించారు. మొక్కల్లో స్థానికమైనవి 70 శాతానికి పైగా ఉన్నచోటే దాని సంతతి నిలబడింది. కారణం గొంగళిపురుగులు. పిల్లలకు పెట్టాల్సిన మెత్తని పురుగులు స్థానిక చెట్ల ఆకుల మీదే ఎక్కువ. ఎరిక్ వుడ్, సెవాన్ ఎసయాన్ 2020లో లాస్ ఏంజెలిస్ వీధి చెట్లను చూసి, పక్షులు స్థానిక ఓక్ చెట్లకే మొగ్గు చూపాయని, కొన్ని విదేశీ చెట్లను కూడా బాగానే వాడుకున్నాయని రాశారు. సంపన్న వీధుల్లో చెట్లూ, వాటితో పాటు పక్షులూ ఎక్కువని కూడా తేల్చారు. జూబ్లీహిల్స్‌నూ గడ్డిఅన్నారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చివరి మాట ఇక్కడివారికి కొత్తగా అనిపించదు.

హైదరాబాద్‌లో ఈ వాదమంతా కోనోకార్పస్ చుట్టూ తిరుగుతోంది. కోనోకార్పస్ లాన్సిఫోలియస్ సోమాలియా, యెమెన్ తీరాలది. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, త్వరగా పెరుగుతుంది, కత్తిరించిన ఆకారంలో గోడలా నిలబడుతుంది. డివైడర్లకు అంతకంటే సులువైన మొక్క దొరకదు. గుజరాత్ 2023 సెప్టెంబరులో దాన్ని నిషేధించింది. తెలంగాణలోనూ వ్యతిరేకత గట్టిగా ఉంది. అలర్జీ, వేళ్లు పైపుల్లోకి చొరబడటం, భూగర్భ జలం తోడేయడం అనే మూడు ఆరోపణలే ఎక్కువగా వినిపిస్తాయి. వాటి మీద శాస్త్రవేత్తల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. పక్షుల కోణం నుంచి మాత్రం అభ్యంతరం సూటిగా ఉంది: ఇక్కడి పిట్టలకు అందులో కండగల పండు లేదు, తేనె నిండిన పువ్వు లేదు, తొర్ర పడేంత లావు మాను కూడా ఉండదు. గుబురుగా ఉంటుంది కాబట్టి చిన్న పిట్ట రాత్రికి తలదాచుకోవచ్చు. ఒక చెట్టు చేయగల పనుల్లో ఇది చాలా చిన్నది.

విదేశీ అన్న ముద్ర ఒక్కటే వేసి తీర్పు చెప్పడం కూడా సరికాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నిద్రగన్నేరు విశాలంగా కొమ్మలు చాపి కొంగలకూ గద్దలకూ చోటిస్తుంది. ఇళ్ల మధ్య పెరిగే సింగపూర్ చెర్రీ మన నేలది కాదు, అయినా ఏడాది పొడవునా చిన్న తియ్యని పండ్లు కాస్తుంది. బొటనవేలంత పువ్వుకొట్టు పిట్టలు, పిగిలిపిట్టలు, కంసాలి పిట్టలు దాని చుట్టూ తిరుగుతాయి. దీనికి ఎదురుగా మన దేశపుదే అయిన నరమామిడిని చూడండి. కొమ్మలు కిందికి వేలాడే సన్నని రకాన్ని గేటుకు ఇరువైపులా నాటుతారు. కోకిల దాని పండు తింటుంది, అంతకు మించి వీధి పిట్టకు దానితో పెద్దగా పని లేదు. పుట్టిన దేశం కన్నా ఆ చెట్టు ఏ నెలలో ఏమి పెడుతుందన్నది పిట్టకు ముఖ్యం.

ఆ నెలల లెక్క మన చెట్లతో వేసి చూస్తే స్థానిక పక్షం బలం కొత్తగా తెలుస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో బూరుగ, మోదుగ పూస్తే తేనెపిట్టలతో పాటు మధ్య ఆసియా నుంచి వచ్చిన గులాబీ గోరింకలు గుంపులుగా దిగుతాయి. జూన్ జూలైల్లో వేపపండ్ల మీద కాకి, కోకిల, గోరింక, రామచిలుక పోటీ పడతాయి. నేరేడు దాదాపు అప్పుడే. మిగతా నెలల ఖాళీని నింపేవి రావి, మర్రి, జువ్వి, మేడి. ఈ చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒక వీధిలో రావి ముగిసేసరికి ఇంకో వీధిలో ఇంకొకటి పండుతుంది. అందుకే పండు తినే పక్షులకు ఇవి ఏడాది పొడవునా అన్నం పెట్టే చెట్లు. ఇరుకు వీధికి అవి సరిపడవు, వేళ్లు గోడల్ని చీలుస్తాయి. కాబట్టే గుళ్ల దగ్గర, చెరువు గట్ల మీద, పాత ఆవరణల్లోనే మిగిలాయి. ఆ నాలుగు చెట్లనే కాపాడితే చుట్టుపక్కల పది వీధుల పక్షులకు మేలు జరుగుతుంది. పక్షులు ఊరికే తిని పోవు కూడా. రెట్టలో పడ్డ విత్తనాల నుంచి అపార్ట్‌మెంట్ పిట్టగోడ పగుళ్లలో, వంతెన సందుల్లో మొలిచే రావిమొక్కలన్నీ వాటి నాట్లే. మనం పీకేస్తున్నా అవి నాటుతూనే ఉన్నాయి.

మాను, తొర్ర, ఎండుకొమ్మ

మూడో వాదం చెట్టు పేరు కన్నా దాని ఒడ్డూ పొడవూ, వయసూ చూడమంటుంది. రాబర్ట్ మెకార్థర్, జాన్ మెకార్థర్ 1961లో ఆకుల అంతస్తులు ఎన్ని రకాలుగా ఉంటే పక్షిజాతులు అంత ఎక్కువగా ఉంటాయని చూపించారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2012లో వచ్చిన పరిశోధన, పార్కుల్లోని పెద్ద చెట్లు చిన్నవాటికన్నా ఎక్కువ పక్షులకు ఆధారమని చెప్పింది.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే కంసాలి పిట్టను చూడాలి. పిడికెడంత ఆకుపచ్చ పక్షి, నుదుటిన ఎర్రని బొట్టు. ఎండాకాలం ‘టుక్ టుక్’ అంటూ రేకు మీద సుత్తి వేసినట్టు పొద్దంతా కూస్తుంది. గూటి కోసం మునగో తురాయో, మెత్తబడ్డ ఎండుకొమ్మను ఎంచుకుని అడుగువైపున గుండ్రంగా తొలుస్తుంది. వాన లోపలికి రాకుండా ఆ కిందివైపు తొలుపు. అది వదిలేసిన తొర్రలు, కొమ్మ విరిగిన చోట పడ్డ తొర్రలు గోరింకకూ, రామచిలుకకూ, చిన్న గుడ్లగూబకూ ఇళ్లవుతాయి. అంటే ఒక ఎండుకొమ్మ మీద నాలుగైదు జాతుల సంసారం ఆధారపడి ఉంది. మనం మొదట నరికేది ఆ ఎండుకొమ్మనే. కింద నడిచేవారి మీద పడుతుందన్న భయం అబద్ధం కాదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖలో పడగొట్టిన చెట్లను చూసినవారెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయరు. అయినా రోడ్డు మీదికి వాలని కొమ్మను, పార్కు లోపలి మోడును కూడా అదే లెక్కన నరకడం అలవాటైపోయింది.

కొమ్మల కత్తిరింపు వేళ ఇంకో చిక్కు. కరెంటు తీగలకు తగలకుండా వానలకు ముందు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొమ్మలు కొడతారు. కాకులు గూళ్లు కట్టేదీ, ఆ గూళ్లలో కోకిలలు గుడ్లు పెట్టేదీ, గోరింకలు పిల్లల్ని లేపేదీ సరిగ్గా అప్పుడే. తర్వాత వినాయక ఊరేగింపుల దారుల్లో మళ్లీ ఒక విడత. ఇదే పని డిసెంబరులో ఒకసారి చేస్తే, వానల ముందు అత్యవసరమైన కొమ్మలు మాత్రమే మిగులుతాయి. ఈ మొత్తం చర్చలో అతి తక్కువ ఖర్చుతో జరగగల మార్పు ఇదేనని నా అభిప్రాయం. ఇంతవరకూ ఎవరూ దీన్ని గట్టిగా అడగలేదు.

చెట్టు వయసు పెరగాలంటే వేళ్లకు ఊపిరి కావాలి. సిమెంటు ఫుట్‌పాత్ మాను గొంతు దాకా వేస్తే పదిహేనేళ్ల కానుగ కూడా గాలికి ఒరుగుతుంది. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. బెంగళూరు వీధి చెట్లపై హరిణి నాగేంద్ర, దివ్య గోపాల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ఇరుకు రోడ్ల మీద చెట్లు చిన్నవిగా, తక్కువ రకాలవిగా ఉంటాయని, విశాలమైన దారుల్లోనే పెద్ద చెట్లు మిగిలాయని చెప్పింది. రోడ్డు వెడల్పు పనులకు బలయ్యేవీ ఆ విశాల దారులే.

చేవెళ్ల మర్రిచెట్ల గొడవ ఈ పక్షానికి పేరు తెచ్చింది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మర్రులను కాపాడాలని పౌరులు ఏళ్ల తరబడి హరిత ట్రిబ్యునల్లో పోరాడారు. అది నగరానికి పడమర. తూర్పు దారికి అలాంటి వరుస మిగల్లేదు కాబట్టి అలాంటి పోరాటమూ లేదు. విడిగా మిగిలిన చెట్టు కోసం కోర్టుకు ఎవరు వెళ్తారు?

చెట్టొక్కటే చాలదు

నాలుగో వాదం చెట్టు చుట్టూ ఉన్న ఊరిని చూడమంటుంది. 2003లో స్లబెకోర్న్, పీట్ అనే పరిశోధకులు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రొద ఎక్కువున్న వీధుల్లో ఒక పిట్ట హెచ్చు స్థాయిలో పాడుతోందని కనుక్కున్నారు. గొంతు మార్చుకోగలిగిన పక్షి ఉంటుంది, లేనిది వెళ్లిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఎంత మంచి చెట్టు ఉన్నా దాని మీద నిలిచేది కాకి, గోరింక వంటి గట్టి ప్రాణాలే.

పావురాన్ని చూసినా అంతే. అది కొండ చరియల పక్షి, గూడు చెట్టు మీద కట్టదు. ఏసీ డబ్బా వెనక, వంతెన కింది గట్టు మీద పెడుతుంది. కూడళ్లలో పోసే గింజలు తింటుంది. చెట్లు ఉన్నా లేకపోయినా పావురాలు పెరుగుతాయి. పిచ్చుక కథ ఇంకోలా ఉంది. దేశం మొత్తమ్మీద దాని సంఖ్య నిలకడగానే ఉందని, మహానగరాల్లోనే తగ్గిందని 2020 నాటి జాతీయ నివేదిక చెప్పింది. పెంకుటింటి సందులు పోవడం ఒకటి, పిల్లలకు పెట్టే పురుగులు దొరక్కపోవడం ఒకటి. పిచ్చుకకు ఎత్తయిన చెట్టు కన్నా ముళ్లపొద, మట్టినేల ఎక్కువ అవసరం.

ఈ పక్షంలోనే చెట్ల వరుసను దారిగా చూసేవారున్నారు. ఫెర్నాండెజ్-జూరిసిక్ 2000లో మాడ్రిడ్ గురించి రాస్తూ, చెట్లున్న వీధులు పార్కుల్ని కలుపుతాయని, పార్కు పక్షుల్లో కొన్ని ఆ వీధుల్ని వాడుకుంటాయని చూపించాడు. ఎల్బీనగర్‌కు ఈ మాట బాగా అతుకుతుంది. హరిణ వనస్థలిలో చలికాలం దిగే వంగపండు పిట్ట, హిమాలయాల నుంచి వచ్చే చిన్న ఆకుపచ్చ వార్బ్లర్లు కాలనీల్లోకి రావాలంటే మధ్యలో ఆగడానికి కొమ్మలు కావాలి. వనస్థలిపురం, మన్సూరాబాద్ లోపలి వీధులు ఇంకా ఆ పని చేయగలవు. హైవే ఒంటరిగా చేయలేదు.

ఒకే దారి, నాలుగు చూపులు

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఒకే డబ్బుతో పని చేయమంటే సంఖ్యావాది డివైడర్లను నింపుతాడు. ఫలితం ఏడాదిలో కనబడుతుంది, పిట్టలకు దక్కేది తక్కువ. స్థానికవాది కోనోకార్పస్ పీకి వేప, నేరేడు, పొగడ పెడతాడు. పదేళ్లకు ఫలితం వస్తుంది, అప్పటిదాకా మొక్కల్ని బతికించేదెవరన్న ప్రశ్న ఉంటుంది. మూడో పక్షం కొత్తగా ఏమీ నాటకుండా ఉన్న పెద్ద చెట్ల జాబితా రాసి, సిమెంటు పగలగొట్టి, కత్తిరింపు నెల మారుస్తుంది. ఖర్చు తక్కువ, ఫోటోకు ఏమీ దొరకదు. నాలుగో పక్షం హైవేను వదిలి సరూర్‌నగర్ చెరువుకూ విక్టోరియా హోమ్‌కూ హరిణ వనస్థలికీ మధ్య లోపలి వీధుల్ని ఎంచుకుంటుంది.

నా మొగ్గు మూడో, నాలుగో పక్షాల వైపు. డివైడర్ మీద పండ్ల చెట్టు పెడితే వేగంగా పోయే బండ్లకు తగిలి పక్షులు చస్తాయి. అక్కడ పొదలే చాలు. స్థానికత కోసం పట్టుదల లోపలి వీధుల్లో చూపాలి. పాత చెట్టును మాత్రం ఎక్కడున్నా వదలకూడదు. సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం 2021లో ఒక చెట్టు సేవల విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా కట్టింది. ఆ లెక్కలో పక్షుల వాటా ఎంతన్నది పక్కన పెట్టినా, యాభై ఏళ్ల చెట్టుకు బదులు యాభై మొక్కలన్న బేరం నష్టపు బేరమే.

ఇంకా తేలనివి

వేళ్లతో లేపి వేరే చోట నాటిన చెట్టు బతికితే చాలా, లేక పక్షులు కూడా తిరిగి రావాలా? ట్రాన్స్‌లొకేషన్ విజయాన్ని ఇప్పటిదాకా చిగురును చూసే కొలిచారు. కొమ్మలన్నీ కొట్టి మొండెం నాటిన చెట్టు మీద గూడు పడటానికి ఎన్నేళ్లు పడుతుందన్నది మన నగరాల్లో ఎవరూ కొలవాల్సినంతగా కొలవలేదు. అమెరికా చికడీ సూత్రం మన ఉష్ణదేశపు పిట్టలకు ఎంతవరకు వర్తిస్తుందన్నదీ తేలాలి. మన వీధి పక్షుల్లో పండూ పురుగూ చెత్తా ఏదైనా తినేవే ఎక్కువ. అన్నీ తినే పక్షికి స్థానిక చెట్టు అవసరం తక్కువ కావచ్చు. ఆకులు కుట్టి గూడు కట్టే టైలర్ పిట్ట, తేనెపిట్ట వంటి వాటికి ఎక్కువ కావచ్చు. మొత్తం సంఖ్య చూస్తే ఒక జవాబు, ఏయే జాతులని చూస్తే ఇంకో జవాబు వస్తుంది.

దీనికి కావలసిన లెక్కలు ఇప్పుడిప్పుడే తయారవుతున్నాయి. 1980లో పుట్టిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా ఉంది. ఆ సంస్థా, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి 2025లో హైదరాబాద్ బర్డ్ అట్లాస్ మొదలుపెట్టాయి. నగరాన్ని గళ్లుగా విడగొట్టి వేర్వేరు రుతువుల్లో పక్షుల్ని లెక్కించే పని అది. కేరళ ఇలాంటి అట్లాస్‌ను 2015 నుంచి 2020 దాకా పూర్తిచేసింది. పార్కులకూ చెరువులకూ పరిమితమైన పక్షుల జాబితాలు గళ్ల పుణ్యమా అని దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోకి కూడా రావలసి వస్తుంది. ఆ గడిలోని వీధి చెట్ల పేర్లు, మాను చుట్టుకొలత, తొర్ర ఉందా లేదా అన్న మూడు సంగతులు కూడా అదే కాగితం మీద రాస్తే, నాలుగు పక్షాల వాదన మొదటిసారి ఒకే లెక్క మీద జరుగుతుంది.